మ్యూజియంలు చూడటానికా పంపుతున్నది?

పోయిన నెల గుంటూరులో మా అక్కయ్య వాళ్ళింట్లో సూట్‌కేసుల తూకం జరుగుతోంది. అక్క కొడుకు ఎం.ఎస్‌సి. చదవడానికి ఇంగ్లండు వెళుతున్నాడు. హాలు మధ్యలో రెండు పెట్టెలు, వాటి చుట్టూ ఆవకాయ, గోంగూర, కందిపొడి పొట్లాలు, చిన్న ప్రెషర్ కుక్కరు, రెండు దుప్పట్లు. ఒక్కో పెట్టె 23 కిలోలు దాటకూడదు. పిడికి తగిలించే చిన్న తూకంతో బావగారు పెట్టెను పైకెత్తుతున్నారు, అక్క అంకె చదువుతోంది, వాడు ఒక్కో పొట్లమే బయటికి తీస్తున్నాడు. ఆ హడావుడిలోనే నా వైపు తిరిగి, "పిన్నీ, నువ్వు అక్కడే కదా చదివింది, లండన్ వెళితే ముందు ఏం చూడాలి?" అని అడిగాడు.

"మ్యూజియంలు చూడు. అన్నిటికంటే ముందు బ్రిటిష్ మ్యూజియం" అన్నాను.

బావగారు పెట్టె కింద పెట్టేశారు. "నువ్వు కూడా ఏమిటమ్మా! 35 లక్షలు అప్పు తెచ్చి పంపుతున్నది మ్యూజియంలు చూడటానికా?"

ఆయన కోపంగా అనలేదు. ఆ మాటలో అలసట ఉంది. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టిన మనిషి ఆయన. ఆ పూట నేను జవాబు చెప్పలేకపోయాను. అప్పటి నుంచి ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు. పదేళ్ళ క్రితం మా నాన్నగారు కూడా నన్ను ఇదే అడిగి ఉండేవారు, మ్యూజియంలకు నేను చెప్పి వెళ్ళి ఉంటే. నేను చెప్పకుండా వెళ్ళాను. అందుకే ఆ జవాబేదో ఇప్పుడైనా పూర్తిగా రాయాలనిపించింది.

అప్పు మాట ముందు

బావగారి మాటలోని న్యాయాన్ని పక్కన పెట్టి మ్యూజియంల గొప్పతనం గురించి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. 2014లో నేను వెళ్ళినప్పుడు పౌండు విలువ వంద రూపాయలకు అటూ ఇటూ. ఏది కొన్నా పక్కన రెండు సున్నాలు పెట్టి చూసుకునేదాన్ని. కాఫీ అంటే మూడు వందలు. బస్సు టికెట్ అంటే మా అమ్మ రెండు రోజుల కూరగాయల ఖర్చు. వారానికి ఇరవై గంటలకు మించి పని చేయకూడదని వీసాలో ఉంటుంది కాబట్టి, ఆ ఇరవై గంటలూ ఒక హోటల్ వంటింట్లో గిన్నెలు కడిగాను. మొదటి నాలుగు నెలలు గది, కాలేజీ, హోటల్ తప్ప నాలుగో చోటు ఎరగను. ఆదివారం మధ్యాహ్నం కాస్త ఖాళీ దొరికితే, నాన్న అక్కడ వడ్డీ కడుతుంటే నేనిక్కడ ఊరు తిరగడమా అనిపించి మళ్ళీ పుస్తకం ముందు కూర్చునేదాన్ని.

ఇలా బతికే పిల్లలు ఇవాళ కృష్ణా, గుంటూరు జిల్లాల ఇళ్ళలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. వాళ్ళకు "కళను ఆస్వాదించండి" అని చెప్పడం సులభం. అప్పు కట్టేది చెప్పేవాళ్ళు కాదు కదా.

అయితే ఒక విషయం ఆ నాలుగు నెలలూ నాకు తెలియదు, తెలిసుంటే ముందే వెళ్ళేదాన్ని. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం మూడింటిలోనూ శాశ్వత ప్రదర్శనలు చూడటానికి టికెట్ లేదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళడమే. కాఫీ కంటే, బస్సు కంటే చవక. ఆ ఊళ్ళో ఒక విద్యార్థి డబ్బులివ్వకుండా చలికి దూరంగా, వెలుతురులో, బెంచీ మీద మూడు గంటలు కూర్చోగలిగిన చోట్లు ఎన్నో లేవు. నేను మొదటిసారి లోపలికి అడుగు పెట్టింది కూడా అందుకే. ఫిబ్రవరి నెల, బయట వాన, స్నేహితురాలి కోసం రెండు గంటలు ఎదురుచూడాలి. కళ మీద ప్రేమ అప్పటికి నాకేమీ లేదు.

చూడటం రాకపోవడం

ఆ మొదటి రోజు నేషనల్ గ్యాలరీలో రెండు గంటల్లో దాదాపు అన్ని గదులూ చుట్టేశాను. ఫోనులో రెండు వందల ఫోటోలు. రాత్రి గదికి వచ్చి చూసుకుంటే వాటిలో సగం ఎక్కడ తీశానో, ఎందుకు తీశానో గుర్తు లేదు. కాళ్ళు నొప్పి పుట్టడం ఒక్కటే గుర్తుంది.

తర్వాత ఏప్రిల్ సెలవుల్లో ముగ్గురం కలిసి వేరే వీసా తీసుకుని, బస్సులోనే పారిస్, ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళాం. లూవ్ర్‌లో మోనాలిసా ఉన్న గదిలో జనం మధ్య నలిగి, అందరిలాగే ఫోను పైకెత్తి ఒక ఫోటో తీసుకుని బయటపడ్డాం. ఆ చిత్రం 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 వెడల్పు ఉంటుంది, మా ఇంట్లో పెళ్ళి ఫోటో అంత. దానికి ఎదురు గోడ మీద ఇటలీ చిత్రకారుడు వెరొనీజ్ గీసిన "కానా పెళ్ళివిందు" ఉంది. వెడల్పు పది మీటర్లకు కాస్త తక్కువ, ఎత్తు ఏడు మీటర్లకు కాస్త తక్కువ, ఆ మ్యూజియంలోనే అతి పెద్ద చిత్రం. గది నిండా ఉన్న జనం దానికి వీపు చూపించి నిలబడ్డారు. నేనూ వాళ్ళలో ఒకదాన్నే. బయటికొచ్చాక మ్యాపులో చూసి, "అయ్యో, వెనకాల ఉన్నది ఇదా" అనుకున్నాను.

ఎందుకిలా జరిగిందని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. మాకు చదువులో చూడటమనేది ఎప్పుడూ లేదు. ఇంటర్మీడియట్ రెండేళ్ళూ విజయవాడలో ఒక హాస్టల్‌లో ఉన్నాను. పొద్దున అయిదింటికి గంట కొడితే రాత్రి పదింటిదాకా తలెత్తేది లేదు. బందరు రోడ్డులో విక్టోరియా జూబిలీ మ్యూజియం, ఇప్పుడు దాన్నే బాపు మ్యూజియం అంటున్నాం, అక్కడికి ఆటోలో పది నిమిషాల దూరం. ఆ రెండేళ్ళలో దాని గేటు లోపలికి వెళ్ళలేదు. 1921లో పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా నమూనా ఇచ్చిన చోటు అదేనని బిట్టు ప్రశ్నగా మాత్రం తెలుసు. అమరావతి స్తూపం కూడా బిట్టే. "అమరావతి శిల్పకళ ఎవరి కాలం నాటిది?" శాతవాహనులు. ఒక మార్కు. పేజీ తిప్పేయడమే.

అలా పెరిగిన పిల్లకు మ్యూజియం అంటే ఇంకొక సిలబస్. ఎన్ని పూర్తయ్యాయి, ఎన్ని మిగిలాయి. ప్రసిద్ధమైనవి ముందు, మిగతావి టైముంటే. పెద్ద నోట్సు ఉన్నవాడు బాగా చదివినట్టు, ఎక్కువ ఫోటోలు తీసినవాడు బాగా చూసినట్టు.

ఆ చేతులు

నాకు చూడటం మొదలైన చోటు ఏదని అడిగితే, ఆమ్‌స్టర్‌డామ్‌లో వాన్ గో మ్యూజియం అని చెప్తాను. అక్కడ టికెట్ ఉంది. నా రెండు రోజుల తిండి ఖర్చు. కొనాలా వద్దా అని వరసలోంచి రెండుసార్లు పక్కకు వచ్చాను. చివరికి నా స్నేహితురాలు "వచ్చాం కదా" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

పొద్దుతిరుగుడు పూల దగ్గర జనం. వాళ్ళను తప్పించుకుని నడుస్తుంటే ఒక చీకటి చిత్రం ముందు ఎవరూ లేరు. పేరు "బంగాళాదుంపలు తినేవాళ్ళు", 1885. నూనె దీపం కింద బల్ల చుట్టూ అయిదుగురు. ఒక పళ్ళెంలో ఆవిరి లేస్తున్న దుంపలు. ఒకామె కప్పుల్లోకి కాఫీ పోస్తోంది. రంగులన్నీ మట్టి రంగులు. కాళ్ళు నొప్పిగా ఉండి అక్కడే ఆగాను. ఆగడం వల్ల వాళ్ళ చేతులు కనిపించాయి. కణుపులు ఉబ్బి, ముదురు ఆకుపచ్చా గోధుమా కలిసిన రంగులో, కడిగినా పోని మట్టి పట్టిన చేతులు. ఆ చేతులతోనే నేల తవ్వి, ఆ చేతులతోనే పళ్ళెంలోంచి తీసుకుని తింటున్నారని చెప్పాలనుకున్నానని వాన్ గో తన తమ్ముడికి ఉత్తరం రాశాడు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. అక్కడ నిలబడ్డప్పుడు నాకు గుర్తొచ్చింది మా నాయనమ్మ.

మిరపకాయల కాలంలో కల్లంలో కూర్చుని రోజంతా తొడిమలు తీసేది. సాయంత్రానికి వేళ్ళ చివర్లు ఎర్రగా పొంగిపోయేవి. ఎన్నిసార్లు కడిగినా ఘాటు పోదు. రాత్రి చిన్న గిన్నెలో మజ్జిగ పోసుకుని, రెండు చేతులూ అందులో ముంచుకుని, గోడకు చేరబడి కూర్చునేది. ఆ చేత్తో నా ముఖం తాకనిచ్చేది కాదు, కళ్ళు మండుతాయని. అన్నం కూడా కంచంలో కలపకుండా తాతయ్య కలిపి పెడితే తినేది. ఆ ఇంట్లోంచి మిర్చి యార్డుకు మిరపకాయల బస్తాలు వెళ్ళాయి, ఆ డబ్బుతోనే మా నాన్న చదివారు, ఆయన వల్లనే నేను ఆ గదిలో నిలబడి ఉన్నాను. ఇదంతా నాకు తెలియనిది కాదు. ఎవరో డచ్చి పల్లెలో గీసిన అయిదు జతల చేతుల ముందు నిలబడితే తప్ప నాయనమ్మ చేతులను నేను అలా, ఒక్కో వేలునూ విడిగా, మనసులో చూసుకోలేదు.

అరగంట అక్కడే ఉన్నాను. ఒక చిత్రం ముందు అంతసేపు ఉండటం నా జీవితంలో అదే మొదటిసారి. టికెట్ డబ్బులు మళ్ళీ గుర్తు రాలేదు.

దీనివల్ల ఉద్యోగానికి ఏం ఉపయోగం అని అడిగినవాళ్ళున్నారు. నేను కట్టడాల డిజైన్ పనిలో ఉన్నాను. గోడ మీద బీటను చూసి అది పైపూతదా, లోపలిదా అని చెప్పాలంటే నిదానంగా చూడాలి, ఆ అలవాటు మ్యూజియంలలో వచ్చిందని చెప్పి ఒప్పించవచ్చు. చెప్పను. నిజమో కాదో నాకే తెలియదు. పైగా ఉపయోగం చూపించి ఒప్పిస్తే, రేపు ఇంతకంటే ఉపయోగమైనది ఇంకొకటి ఎదురైనప్పుడు ఇది మళ్ళీ వెనక్కి పోతుంది. ఇరవై రెండేళ్ళ పిల్ల పరాయి దేశంలో ఒంటరిగా ఉండి, తన ఇంటిని తాను కొత్తగా చూసుకోగలిగింది. దానికి ఇంకో లాభం జత చేయాలని నాకు అనిపించడం లేదు.

అడుగులు

తిరిగి లండన్ వచ్చాక బ్రిటిష్ మ్యూజియానికి వెళ్ళాను, ఈసారి ఒక్క గదికే. 33ఏ నంబరు గది. అద్దాల వెనక, తేమా వేడీ అదుపులో ఉంచి, అమరావతి రాళ్ళు పెట్టారు. వందకు పైగా ముక్కలున్న సేకరణ అది. చాలాకాలం వాటిని "అమరావతి మార్బుల్స్" అన్నారు కానీ అవి చలువరాళ్ళు కావు. మన పల్నాటి సున్నపురాయి. లేత బూడిద రంగులో సన్నని ఆకుపచ్చ జీర. గుంటూరులో మా పాత ఇంటి వసారాలో మాచర్ల నాపరాళ్ళు పరిచి ఉండేవి, ఎండాకాలం మధ్యాహ్నం చాప కూడా లేకుండా వాటి మీద పడుకునేవాళ్ళం. ఆ రాయికి ఇది చుట్టమని చూడగానే అరికాళ్ళకు తెలిసింది.

నేను వెళ్ళిన రోజు అక్కడ ఎనిమిదేళ్ళ పిల్లలు ఓ పన్నెండు మంది నేల మీద కూర్చుని పెన్సిళ్ళతో బొమ్మలు వేస్తున్నారు. వాళ్ళ టీచరు ఒక పలక ముందు నిలబడి ఉంది. పలకను నాలుగు గళ్ళుగా విడదీసి చెక్కారు. పైన కుడివైపు బుద్ధుడి తల్లి మాయాదేవి పడుకుని కల కంటోంది. ఎడమవైపు ఆ కల అర్థం ఏమిటని రాజు కొలువులో అడుగుతున్నారు. కింద కుడివైపు ఆమె చెట్టు కొమ్మ పట్టుకుని నిలబడి ఉంది, బిడ్డ పుట్టాడు. కింద ఎడమవైపు బిడ్డను కులదైవం దగ్గరికి తీసుకొచ్చారు. ఆ దైవమే చెట్టులోంచి బయటికి వచ్చి చేతులు జోడిస్తోంది.

"ఇందులో బిడ్డ ఎక్కడున్నాడో వెతకండి" అంది టీచరు.

నేనూ వెతికాను. దేవతలు నలుగురు పొడుగాటి గుడ్డ ఒకటి పట్టుకుని నిలబడ్డారు. ఉత్త గుడ్డ. బిడ్డ లేడు. శిల్పం విరిగిపోయిందేమో, ఆ ముక్క రాలిపోయిందేమో అనుకున్నాను. అప్పుడు ఒక పిల్లవాడు మోకాళ్ళ మీద ముందుకు జరిగి, అద్దానికి వేలు ఆనించి అన్నాడు: "అడుగులు! గుడ్డ మీద చిన్న అడుగులు!"

అవును. గుడ్డ మడతల మధ్య గోరంత పాదాల గుర్తులు. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపించకుండా పాదాలతో, చెట్టుతో, ఖాళీ సింహాసనంతో చెప్పిన కాలం నాటి పద్ధతి అది. కింద ఎడమవైపు గడిలో కూడా ఆడవాళ్ళు మోసుకొస్తున్న గుడ్డ మీద అవే అడుగులు. పుట్టిన బిడ్డను గుడ్డలో పొదివి పట్టుకుని కులదేవత ముందుకు తీసుకెళ్ళడం మా ఇంట్లో నేను చూసిన సన్నివేశం. అక్క కొడుకు పుట్టినప్పుడు నా చేతుల్లోనే ఉన్నాడు.

మా ఊరికి గంట ప్రయాణంలో ఉన్న చోట, మా నేల రాయి మీద, మా వాళ్ళు చెక్కిన బొమ్మను నాకు చదివి చెప్పింది లండన్‌లో ఎనిమిదేళ్ళ పిల్లవాడు. ఆ రోజు సిగ్గు, కోపం రెండూ వచ్చాయి. సిగ్గు త్వరగానే పోయింది, కోపం మాత్రం పోలేదు. కార్తీక మాసంలో, శివరాత్రికి మా ఇంటిల్లిపాదీ అమరావతి వెళ్ళేవాళ్ళం. కృష్ణలో స్నానం, అమరేశ్వరుడి దర్శనం, చెట్టు కింద పులిహోర, సాయంత్రం బస్సు. అంత దగ్గరలో, ఈ రాళ్ళు వచ్చిన బౌద్ధ స్తూపం, మహాచైత్యం వైపు ఒక్కసారి కూడా నడవలేదు. అటు చూడమని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన బడి ఒక మార్కు ఇచ్చి ఊరుకుంది.

దోచుకున్న చోటికి వెళ్ళవచ్చా

నా తరగతిలో హైదరాబాదు అమ్మాయి ఒకతె ఉండేది. ఆమె బ్రిటిష్ మ్యూజియంలో అడుగు పెట్టనంది. "మన సొమ్ము పెట్టుకున్న ఇంటికి వెళ్ళి మనమే మెచ్చుకుని రావాలా?" అనేది. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు, ఇప్పటికీ తీసుకోను.

కానీ ఆ రాళ్ళ ప్రయాణం చదివితే ఎవరి మీద పడి ఏడవాలో వెంటనే తేలదు. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు కొత్త పట్నం కట్టుకుంటుంటే, పనివాళ్ళు దీపాలదిన్నెను, అంటే స్తూపం మిగిలిన ఆ మట్టిదిబ్బను, తవ్వి రాళ్ళూ ఇటుకలూ తీశారు. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూసి, తర్వాత 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు. ఆయన రెండు రాకల మధ్య ఎన్నో పలకలు మాయమయ్యాయి. కొన్ని సున్నం బట్టీల్లో కాలాయి. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపితే అక్కడ ఏళ్ళ తరబడి ఆరుబయట పడి ఉన్నాయి. 1859లో ఓడ ఎక్కాయి. లండన్ చేరాక గౌరవం దక్కిందా అంటే అదీ లేదు. 1860ల్లో ఫైఫ్ హౌస్ అనే భవనంలో గుర్రపు బండ్లు పెట్టే కొట్టంలో చెత్త మధ్య ఉంటే కట్టడాల చరిత్రకారుడు ఫెర్గూసన్ వెతికి పట్టుకున్నాడు. బ్రిటిష్ మ్యూజియానికి చేరింది 1880లో. సరిగ్గా అదే ఏడాది ఇక్కడ మద్రాసు గవర్నరు హుకుంతో మిగిలిన దిన్నెను కూడా తవ్వించి పారేశారు. "మేం కాపాడాం" అనే వాదన ఎప్పుడు విన్నా నాకు ఆ గుర్రపు బండ్ల కొట్టం గుర్తొస్తుంది.

మన వైపు గాయమూ ఉంది. ప్రకాశం జిల్లా చందవరంలో మన సంరక్షణలోనే ఉన్న బౌద్ధ శిల్పం దొంగల చేతిలో పడి ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ దాకా వెళ్ళింది. 2016లో వాళ్ళు తిరిగి ఇచ్చారు. అది తలుచుకున్నప్పుడు, మన దగ్గర పెడితే క్షేమమని గట్టిగా అనడానికి గొంతు కాస్త తగ్గుతుంది.

ఇంకొక సంగతి. నేను లూవ్ర్‌లో వీపు చూపించి వచ్చిన ఆ పెద్ద పెళ్ళివిందు చిత్రం వెనిస్‌లో ఒక మఠం భోజనశాలకు గీసింది. నెపోలియన్ సైనికులు దాన్ని ముక్కలుగా కోసి పారిస్ పట్టుకుపోయింది 1797లోనే, మెకంజీ అమరావతిలో దిగిన ఏడాదే. ఆ ఖాళీ గోడకు 2007లో అచ్చుగుద్దినట్టున్న నకలు చేసి పెట్టారు. అసలు అక్కడ, నకలు ఇంటి దగ్గర. దీన్ని చదివినప్పటి నుంచి నేను ఒక నిర్ణయానికి వచ్చాను. నకలు అంత బాగా చేయగలిగిన రోజుల్లో నకలే లండన్‌లో ఉండాలి, అసలు రాయి కృష్ణ ఒడ్డుకు రావాలి. అన్నీ ఒక్కసారిగా రాకపోయినా, ఆ అడుగుల పలక అయినా రావాలి.

మరి అప్పటిదాకా మన పిల్లలు అక్కడికి వెళ్ళవచ్చా? వెళ్ళాలనే నేనంటాను. ఆ హైదరాబాదు అమ్మాయికీ ఇదే చెప్పాను: నువ్వు చూడని దాన్ని నువ్వు అడగలేవు. "మా రాళ్ళు" అని ఊరికే అనడం వేరు, "నాలుగు గళ్ళ పలక, కింద కుడివైపు గుడ్డ మీద అడుగులు ఉన్నది" అని చెప్పి అడగడం వేరు. ఆ గదిలో స్తూపాన్నే స్తూపం మీద చెక్కిన పలక ఉంది. సింహాలు కూర్చున్న ద్వారం, నాలుగు దిక్కులా ముందుకొచ్చిన అరుగుల మీద అయిదేసి నిలబెట్టే ఆయక స్తంభాలు, పైన ఎగిరే గంధర్వులు, అన్నీ ఉన్నాయి. మూడో శతాబ్దం పని. ఆ రాయికే వెనకవైపు మూడు వందల ఏళ్ళ ముందటి చెక్కడం ఉంది. బోధివృక్షానికి మొక్కుతున్న జనం. పాత పలకనే తిప్పి కొత్త పలకగా వాడుకున్నారన్నమాట. మహాచైత్యం అసలు ఎలా ఉండేదో ఇవాళ మనం ఊహించుకోవడానికి ఆ రాయి ఒక పెద్ద ఆధారం. ఈ మాట పుస్తకంలో చదివితే సమాచారం. ఆ రాయి ముందు నిలబడితే గుండెలో దిగుతుంది.

ఫోనులోనే చూడవచ్చు కదా అనేవాళ్ళకు కూడా నా దగ్గర ఉన్నది ఆ గుడ్డే. ఫోటోలో నేను ఆ పలకను తర్వాత ఎన్నోసార్లు చూశాను. అడుగులు ఉన్నాయని తెలిసి వెతికితే తప్ప కనిపించవు. రాయి ముందు వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు, మోకాళ్ళ మీద కూర్చున్న పిల్లవాడి ఎత్తులోంచి, అవి వాటంతట అవే కనిపించాయి.

మరి ముందు ఇక్కడ చూడొద్దా

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకోలు ఉంది. ముందు ఇక్కడే చూడాలి. ఇక్కడ చూసి వెళ్ళినవాళ్ళకు అక్కడ పది రెట్లు దొరుకుతుంది. నాకు తలకిందులుగా జరిగింది. తిరిగొచ్చిన వారానికే బాపు మ్యూజియంలో అల్లూరు బుద్ధుడి ముందు నిలబడ్డాను. మొగల్రాజపురం గుహల పక్క వీధిలోనే ఇప్పుడు మా ఇల్లు. ఉండవల్లి గుహలకు ఏడాదికి నాలుగైదుసార్లు వెళ్తాను. పరాయి దేశంలో నేర్చుకున్న నిదానమే ఇక్కడ పనికొస్తోంది.

కానీ బడిలో నేర్పని, ఇంట్లో తెలియని ఆ నిదానం ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి. మన పిల్లల్లో చాలామందికి చేతిలో సమయం, పక్కన ఎవరూ లేని ఏకాంతం, డబ్బు అడగని తలుపు ఈ మూడూ ఒకేసారి దొరికేది ఆ ఏడాదో రెండేళ్ళో మాత్రమే. ఉద్యోగం వచ్చాక సెలవు పెట్టి, పిల్లల్ని తీసుకుని, ప్యాకేజీ టూరులో గంటన్నరలో లూవ్ర్ చూసి వచ్చేవాళ్ళను చూస్తున్నాను. వాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళకిక టైము లేదు.

అందుకే అక్క కొడుక్కి నేను ఇచ్చిన జాబితాలో మ్యూజియంల పేర్లు తక్కువ. శుక్రవారం వెళ్ళు, నేషనల్ గ్యాలరీ రాత్రి తొమ్మిదింటిదాకా ఉంటుంది, జనం పలచబడతారు. ఒక పూటకు రెండు గదులు చాలు. లేబుల్ తర్వాత చదువు, ముందు బొమ్మను చూడు. పెన్సిలు తీసుకెళ్ళు. నీకు గీయడం రాదని తెలుసు, అయినా గియ్యి, గీస్తుంటేనే వేళ్ళు ఎన్ని ఉన్నాయో లెక్క తెలుస్తుంది. ఒక్కదాని ముందు గంటసేపు కూర్చో. విసుగు పుడుతుంది, ఇరవై నిమిషాలకు బాగా పుడుతుంది, లేవకు.

ఆదివారం

వాడి ప్రయాణానికి ముందు ఆదివారం అమరావతి వెళదామన్నాను. బావగారు కారు తీశారు. దేవుడి దర్శనం కోసమని ఆయన ఒప్పుకున్నారు. అమరేశ్వరుణ్ణి చూసుకుని బయటికి వచ్చాక, "ఇంకో చోటు ఉంది, పావుగంట" అని చెప్పి స్తూపం దగ్గరికి తీసుకెళ్ళాను.

అక్కడ ఇప్పుడున్నది గడ్డి మొలిచిన గుండ్రటి ఇటుకల దిన్నె, చుట్టూ తిరిగే దారి, అక్కడక్కడా నిలబెట్టిన విరిగిన రాళ్ళు. అడ్డంగా దాదాపు యాభై మీటర్లు. మధ్యాహ్నం కావస్తోంది, ఎండ గట్టిగా ఉంది. బావగారు అలవాటుగా చెప్పులు గట్టు దగ్గర విడిచారు. ఎవరూ విడవమనలేదు. రాళ్ళు కాలుతున్నా, తువ్వాలు నెత్తిన వేసుకుని కుడివైపుగా ప్రదక్షిణ మొదలుపెట్టారు. వెనకాల వాడు అడుగులు లెక్కపెడుతూ నడిచాడు.

తర్వాత పక్కనే ఉన్న మ్యూజియంలో కూర్చున్నాం. స్తూపం నమూనా ఉంది అక్కడ. గుడ్డ మీద అడుగుల సంగతి వాడికి చెప్పాను, పలక ఎక్కడుంటుందో, ఏ గడిలో చూడాలో. బావగారు వింటున్నట్టు కనిపించలేదు. ఒక స్తంభం ముక్క మీద చెక్కిన తామరపువ్వును చూస్తూ చాలాసేపు అక్కడే ఉన్నారు. చివరికి, "ఇది మాచర్ల వైపు రాయి" అన్నారు.

"అవును బావగారూ."

"మిగతావన్నీ లండన్‌లోనేనా?"

"లేదు, లండన్ కంటే ఎక్కువ చెన్నైలో ఉన్నాయి. ఎగ్మూరు మ్యూజియంలో."

ఆయన కాసేపు ఏమీ అనలేదు. కారు దగ్గరికి నడుస్తూ తాళాలు తీసి, "చెన్నై అయితే తెనాలిలో రాత్రి రైలెక్కితే పొద్దుటికి దిగుతాం కదా" అన్నారు.